గైడ్ వెంట ఒక రోజు హెలీ స్కీయింగ్: రెండు నెలల్లో ఎలా సిద్ధం కావాలి?

తొలిమంచు (ప్రశ్న):

నమస్కారం. వచ్చే సీజన్‌లో నేనూ నా స్నేహితురాలూ గైడ్ వెంట ఒక రోజు హెలీ స్కీయింగ్‌కు (హెలికాప్టర్‌లో కొండ పైకి వెళ్లి, చదును చేయని మంచు మీద దిగడానికి) వెళ్లాలని నిర్ణయించుకున్నాం. ఇంకా రెండు నెలల వ్యవధి ఉంది. నేను ఆరేళ్లుగా స్కీయింగ్ చేస్తున్నాను. రిసార్టులో యంత్రాలతో చదును చేసిన వాలు ఎంత నిటారుగా ఉన్నా నిబ్బరంగా దిగగలను కానీ, మోకాళ్ల లోతు మెత్తటి మంచులో దిగింది మాత్రం నాలుగైదు సార్లకు మించి లేదు. నా స్నేహితురాలిది స్నోబోర్డు, అనుభవం దాదాపు నా అంతే.

ట్రాన్సీవర్ (మంచు కింద పూడిపోయినవారిని రేడియో సంకేతంతో వెతికే పరికరం), ప్రోబ్ (మంచులో గుచ్చి చూసే పొడవాటి కడ్డీ), పార, ఎయిర్‌బ్యాగ్ (మంచు చరియలో చిక్కితే ఉబ్బే సంచి) తామే ఇస్తామనీ, ఆ రోజు ఉదయమే వాటి వాడకం నేర్పుతామనీ నిర్వాహకులు రాశారు. మా బరువు కూడా అడిగారు. ఆ ఉదయపు శిక్షణ ఒక్కటే సరిపోతుందా? ఒంటిని ఎలా సిద్ధం చేసుకోవాలి? స్నోబోర్డు వాళ్లు ప్రత్యేకంగా చూసుకోవలసినవి ఏమైనా ఉన్నాయా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

లోతుమంచు:

నేను ముందుగా కాళ్ల గురించి చెబుతాను, ఎందుకంటే నా మొదటి రోజు చెడింది అక్కడే. రిసార్టులో మనం ఒకసారి దిగాక లిఫ్టులో కూర్చుని పది నిమిషాలు విశ్రాంతి తీసుకుంటాం. హెలికాప్టర్ ఆ పది నిమిషాలు ఇవ్వదు; నిలువునా అయిదారు వందల మీటర్లో, అంతకన్నా ఎక్కువో దిగి కింద ఊపిరి తీసుకునేలోపే మళ్లీ పైన ఉంటారు. అయిదో దిగుడుకు నా తొడలు మండిపోయాయి. అలసిపోయిన మనిషి తనకు తెలియకుండానే వెనక్కి వాలతాడు, వెనక్కి వాలితే స్కీల ముందు కొనలు అదుపు తప్పుతాయి. నేనూ అలాగే పడ్డాను, ఒక స్కీ ఊడి మంచులో మాయమైంది. నేను పడిన చోటికి దిగువన వెతుకుతూ ఉండిపోయాను. గైడ్ వచ్చి, ఊడిన స్కీ చాలాసార్లు మనిషి ఆగిన చోటికి ఎగువనే మంచులో కూరుకుపోయి ఉంటుందని చెప్పి, రెండో స్కీ వెనుక కొనతో వాలుకు అడ్డంగా మంచును కోస్తూ పైకి వెళితే నాలుగు గీతల్లోనే తగిలింది. ఈలోగా నా వల్ల జట్టంతా ఇరవై నిమిషాలు చలిలో నిలబడింది. ఆ బాధ నాకు ఇప్పటికీ గుర్తుంది.

కాబట్టి ఈ రోజు నుంచే వారానికి మూడు సార్లు గుంజీలు, ఒక కాలు ముందుకు వేసి మోకాళ్లు వంచడం, గోడకు వీపు ఆనించి కుర్చీ వేయడం మొదలుపెట్టండి. వాటితో పాటు మెట్లు ఎక్కడం కన్నా దిగడం మీద ఎక్కువ శ్రద్ధ పెట్టండి, ఎందుకంటే స్కీయింగ్‌లో కండరం బరువును ఆపుతూ సాగుతుంది, ఆ అలవాటు దిగేటప్పుడే వస్తుంది. ప్రయాణానికి ముందు రెండు రోజులు మాత్రం కాళ్లకు పూర్తి విశ్రాంతి ఇవ్వండి.

ఇక మంచు సంగతి. చదును చేసిన వాలు మీద మనం బయటి కాలి మీదే బరువు వేస్తాం. లోతు మంచులో అలా వేస్తే ఆ కాలు మునిగిపోతుంది. రెండు పాదాలను దగ్గరగా ఉంచి, బరువును రెండింటి మీదా దాదాపు సమానంగా పంచి, తొందరపడకుండా గుండ్రటి మలుపులు తిప్పాలి. మధ్య భాగంలో వెడల్పు 100 మిల్లీమీటర్లు దాటిన స్కీలను రిసార్టులోనే ఒకటి రెండు రోజులు అద్దెకు తీసుకుని, మంచు కురిసిన మర్నాడు వాలు అంచుల్లో, రిసార్టు అనుమతించిన చోటనే వాటితో అలవాటు పడండి. స్కీలను కాలికి కట్టే పట్టీలు వద్దు. మంచు చరియ విరిగిపడితే అవి మనిషిని కిందికి లాగుతాయి. చేతి స్టిక్కుల పట్టీల్లోంచి మణికట్లు బయటికి తీయమని చెప్పడం కూడా అందుకే.

దారిదీపం:

ఉదయపు శిక్షణ సరిపోతుందా అన్న ప్రశ్నకు నా జవాబు స్పష్టంగా ఒకటే: సరిపోదు. ఆ అరగంట మీకు పరికరాన్ని పరిచయం చేస్తుంది, అంతే. మంచు కింద పూడిపోయిన మనిషి బతికే అవకాశం మొదటి పది పదిహేను నిమిషాలు దాటాక వేగంగా పడిపోతుంది. అంత తక్కువ సమయంలో బయటి నుంచి సహాయం రావడం అరుదు. పూడిపోయింది గైడే అయితే వెతకవలసింది మీరు. ఈ మాట చాలామంది ఆలోచించరు.

ట్రాన్సీవర్లన్నీ 457 కిలోహెర్ట్జ్ పౌనఃపున్యంలోనే పనిచేస్తాయి కాబట్టి ఏ తయారీదైనా మరొకదాన్ని వెతకగలదు. మీకు ఇవ్వబోయే మోడల్ ఏదో ముందుగా అడిగి, అదే దొరికితే అద్దెకు తెచ్చుకుని, మంచు లేకపోయినా సరే, మైదానంలో ఒకరు దాచగా మరొకరు వెతకండి. ట్రాన్సీవర్ తెర మీది బాణం గుర్తు మిమ్మల్ని తిన్నగా తీసుకెళ్లదు, వంపు తిరిగిన దారిన నడిపిస్తుంది. దాన్ని నమ్మి వెళ్లండి. తెర మీద దూరం చూపే అంకె మూడు మీటర్ల లోపుకు తగ్గగానే మోకాళ్ల మీదికి వంగి, పరికరాన్ని మంచుకు ఆనించినంత దగ్గరగా పట్టుకుని, దాన్ని అటూ ఇటూ తిప్పకుండా, నిదానంగా ముందుకూ పక్కలకూ జరుపుతూ అతి తక్కువ అంకె ఎక్కడ వస్తుందో చూడాలి. అక్కడి నుంచి ప్రోబ్‌ను వాలుకు లంబంగా, దాదాపు 25 సెంటీమీటర్ల ఎడంతో, గుండ్రంగా బయటికి జరుపుకుంటూ గుచ్చాలి. తగిలాక ప్రోబ్‌ను పీకకుండా అలాగే వదిలి, దానికి కొంచెం దిగువ నుంచి లోపలికి తవ్వాలి. వెతుకులాట మొదలవగానే అందరూ తమ పరికరాలను వెతికే స్థితిలోకి మార్చాలి. ఒక్కరు మరిచిపోయినా మిగిలినవాళ్లంతా ఆ మనిషి చుట్టూనే తిరుగుతారు.

ఎయిర్‌బ్యాగ్ మంచు పైభాగాన తేలడానికి తోడ్పడుతుంది కానీ చెట్లకూ రాళ్లకూ కొట్టుకోకుండా కాపాడలేదు. దాన్ని ఉబ్బించే పిడిని హెలికాప్టర్ ఎక్కేముందు లోపల పెట్టి మూయడం, దిగాక బయటికి తీయడం, రెండూ మరిచిపోకూడదు. ఇరుకైన క్యాబిన్‌లో అది ఉబ్బితే పైలట్‌కే ప్రమాదం.

హెలికాప్టర్ వచ్చేటప్పుడు గైడ్ చూపిన చోట అందరూ దగ్గరగా, మోకాళ్ల మీద, తల వంచి కూర్చోవాలి. అది మీకు చేతికందేంత దూరంలో దిగినట్టు అనిపిస్తుంది, మంచు ధూళి లేచి క్షణం పాటు ఏమీ కనిపించదు, అయినా గైడ్ సైగ చేసేదాకా కదలకూడదు. తోక వైపుకు ఎప్పుడూ వెళ్లకూడదు. వాలు మీద దిగినప్పుడు ఎగువ వైపున రోటర్ (పైన తిరిగే రెక్కలు) నేలకు బాగా దగ్గరగా తిరుగుతుంది కాబట్టి ఆ వైపుకూ వెళ్లకూడదు. స్కీలను భుజాన వేసుకోకుండా నడుము ఎత్తులో అడ్డంగా పట్టుకోవాలి. బరువు అడిగింది ఇంధనాన్నీ కూర్చునే స్థానాలనూ లెక్క కట్టడానికే, కాబట్టి ఒక్క కిలో కూడా తగ్గించి చెప్పకండి.

పక్కబోర్డు:

నేను స్నోబోర్డు మీద వెళ్లేదాన్ని కాబట్టి మీ స్నేహితురాలి కోసం రాస్తున్నాను. మెత్తటి మంచులో తేలడం స్కీల కన్నా బోర్డుకే సులువు. బైండింగులను (పాదాలను బోర్డుకు బిగించే అమరికలను) ఒకటి రెండు రంధ్రాలు వెనక్కి జరిపితే వెనుక కాలికి శ్రమ తగ్గుతుంది. కష్టమంతా చదునైన చోట్లే. అక్కడ ఆగిపోతే నడుము లోతు మంచులో నడవలేము, కాబట్టి అలాంటి చోటు వస్తే ముందుగానే చెప్పమని గైడ్‌ను అడిగి, వేగం తగ్గించుకోకుండా దాటాలి. మడిచే స్టిక్కు ఒకటి బ్యాగులో ఉండటం మంచిది. బోర్డును హెలికాప్టర్ బుట్టలో పెట్టేముందు బైండింగుల పట్టీలు బిగించి మూయాలి.

నేను అన్నిటికన్నా ఎక్కువగా భయపడేది చెట్ల మొదళ్ల చుట్టూ కొమ్మల కింద ఏర్పడే గుంతలకు. అందులో తలకిందులుగా పడితే, రెండు కాళ్లూ బోర్డుకు బిగిసి ఉన్నందువల్ల సొంతంగా బయటపడటం చాలా కష్టం. అడవిలో జతగానే దిగాలి, మాట వినిపించే దూరంలో ఉండాలి, మెడలో ఈల ఉండాలి. జారుతున్నట్టు అనిపిస్తే కొమ్మనో మొదలునో పట్టుకుని తలను పైకి ఉంచాలి. పడిపోతే పెనుగులాడకుండా ముఖం ముందు గాలికి చోటు చేసుకుని, తోటివారి కోసం ఆగాలి.

తొలిమంచు:

ముగ్గురికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. మేము ఈ ఆదివారమే ట్రాన్సీవర్లతో సాధన మొదలుపెడుతున్నాం. రెండు సందేహాలు మిగిలాయి. ఫోన్ వెంట తీసుకెళ్లవచ్చా? మా స్థాయి గురించి దరఖాస్తులో ఉన్నది ఉన్నట్టు రాస్తే మమ్మల్ని వద్దంటారేమోనని భయంగా ఉంది.

దారిదీపం:

ఫోన్‌ను విమాన మోడ్‌లో పెట్టి, ఛాతీ మీది ట్రాన్సీవర్‌కు కనీసం 20 సెంటీమీటర్ల దూరంలో, ప్యాంటు జేబులో ఉంచుకోండి. వెతికేటప్పుడు 50 సెంటీమీటర్లయినా ఉండాలి. చేతులను వెచ్చగా ఉంచే బ్యాటరీ గ్లోవ్స్‌కూ కెమెరాకూ ఇదే నియమం.

స్థాయి గురించి ఉన్నది ఉన్నట్టే రాయండి, ఇక్కడ రాసిన నాలుగైదు సార్ల సంగతితో సహా. గైడ్ ఆ రోజు ఏ వాలును ఎంచుకోవాలో, ఎవరిని ఎవరితో కలపాలో నిర్ణయించేది దాన్ని బట్టే. మంచు చరియలు ఎక్కువగా విరిగేది 30 నుంచి 45 డిగ్రీల వాలుల మీద. మీకు తగినంత నేర్పు లేదని ముందే తెలిస్తే అంతకన్నా తక్కువ వాలులో చక్కటి మంచు చూపిస్తాడు. ఒకవేళ వద్దన్నా, ఇంకేం నేర్చుకుని రావాలో అడగండి. అలాగే మబ్బు కమ్మినా, గాలి పెరిగినా హెలికాప్టర్ ఎగరదు, కాబట్టి డబ్బు కట్టేముందే అలాంటప్పుడు ఏం చేస్తారో రాతపూర్వకంగా తెలుసుకుని, వీలైతే ప్రయాణంలో ఒక రోజు అదనంగా పెట్టుకోండి. బీమా పత్రంలో రిసార్టు హద్దుల బయట స్కీయింగ్‌కూ, హెలికాప్టర్‌తో చేసే రక్షణకూ వర్తిస్తుందని స్పష్టంగా ఉందో లేదో కూడా ఈ వారమే చూడండి.