పొట్టి వరి, పొట్టి గోధుమ: వేర్వేరు జన్యువులు ఎందుకు? అదృష్టమా, నకళ్ళ లెక్కా?

గట్టుమీది:
హరిత విప్లవం అనగానే రెండు పంటల్నీ ఒకే గాటన కట్టేస్తాం. రెండు చోట్లా కథ జిబ్బరెల్లిన్‌దే, మొక్కను పొడుగు సాగదీసే హార్మోను. కానీ దెబ్బ తగిలిన చోటు వేరు. పొట్టి వరి ఐఆర్8కి తైవాన్ రకం డీ-జియో-వూ-జెన్ నుంచి పాడైన ఎస్‌డీ1 జన్యువు వచ్చింది, హార్మోను తయారీయే తగ్గింది. జపాన్ పొట్టి గోధుమ నోరిన్ 10 నుంచి శాస్త్రవేత్త బోర్లాగ్ గోధుమల్లోకి వెళ్ళిన ఆర్‌హెచ్‌టీ1 రకంలో హార్మోనుకు లోటు లేదు, మొక్కే దాని మాట వినదు. నా ఉద్దేశంలో ఇదంతా అదృష్టం. చేతికందిన విత్తనంతో క్రాస్ చేశారు, అంతే.

పిలకల లెక్క:
అంతే కాదండి. మామూలు గోధుమలో ఏ, బీ, డీ అని మూడు జీనోములు, అంటే మూడు జన్యువుల సెట్లు. చాలా జన్యువులకు మూడేసి నకళ్ళు. ఒకటి చెడితే మిగతా రెండూ పని లాగేస్తాయి, ఎత్తులో తేడా కంటికి ఆనదు. అందుకే అక్కడ చెడిన జన్యువు చాలదు, మొండికేసిన జన్యువు కావాలి. ఆర్‌హెచ్‌టీ1 తయారుచేసేది డెల్లా ప్రొటీన్, ఎదుగుదలకు బ్రేకు. హార్మోను రాగానే అది కరిగిపోవాలి, నోరిన్ 10లో కరగదు. మూడింట ఒక్కటే అలా మొరాయిస్తే మొక్క ఓ మోస్తరు పొట్టి. వరికి జీనోము ఒక్కటే, ఆ పనికి డెల్లా కూడా ఒక్కటే, ఎస్‌ఎల్‌ఆర్1. అది మొండికేస్తే మొక్క గిడసబారిపోతుంది.

ఎస్‌డీ1 సంగతి వేరు. అదే కుటుంబంలో ఇంకో జన్యువు పూత దగ్గర పని చూసుకుంటుంది. అందుకే కాండం కురచైనా గింజకు నష్టం రాలేదు. ఇంకోటి, జపాన్ వరి జిక్కోకులో, కాలిఫోర్నియాలో గామా కిరణాలతో తీసిన వరి కాల్రోజ్ 76లో కూడా చెడింది ఎస్‌డీ1యే, జన్యువులో వేర్వేరు చోట్ల. జీనోము ఒక్కటే ఉన్న బార్లీలో పొట్టి చేసే ఎస్‌డీడబ్ల్యూ1 కూడా ఆ జన్యువుకు బార్లీ రూపమే. అదృష్టం అన్నిసార్లు ఒకే తలుపు తడుతుందా?

జొన్నచేను:
జొన్నను మరిచారు. అమెరికా పొట్టి జొన్నలో చెడిన డీడబ్ల్యూ3 జన్యువుకు జిబ్బరెల్లిన్‌తో సంబంధమే లేదు, అది ఆక్సిన్ అనే ఇంకో ఎదుగుదల హార్మోనును మోసే జన్యువు. లోపల ఒక ముక్క రెండుసార్లు పడి పాడైంది. ఆ అదనపు ముక్క జారిపోతే మళ్ళీ బాగవుతుంది. అందుకే సమంగా ఉన్న చేలో ఎక్కడో ఒక్క మొక్క మిగతా కంకుల మీదుగా తల ఎత్తి చూస్తుంది. మీ లెక్కలో అది ఎక్కడ ఇముడుతుంది?

పిలకల లెక్క:
జొన్నకూ జీనోము ఒక్కటే కదా, ఏ దారిలో చెడినా కంటికి కనిపిస్తుంది. నేననేది దారి ఒక్కటేనని కాదు, నకళ్ళు ఎన్నో దాన్ని బట్టి కొన్ని దారులు మూసుకుపోతాయని.

గట్టుమీది:
వరి విషయంలో నా మాట వెనక్కి తీసుకుంటున్నా. గోధుమలో మాత్రం ఒప్పుకోను. గోధుమ రకాలు తీసిన స్ట్రాంపెల్లి 1913లో ఇటలీలో జపాన్ గోధుమ అకకొముగితో క్రాస్ చేసి తెచ్చిన ఇంకో పొట్టి జన్యువు ఆర్‌హెచ్‌టీ8 ఉంది కదా. అది చెడిన జన్యువే, అదీ డీ జీనోములో ఒక్క నకలు. మిగతా రెండూ దాన్ని కప్పిపుచ్చలేకపోయాయే!

పిలకల లెక్క:
అది తగ్గించే ఎత్తు తక్కువే. కానీ తగ్గిస్తుంది, అది నిజం. నా లెక్కకు అది ఎదురే. దాని మీద వేరే పోస్టు పెట్టండి, అక్కడ కొట్టుకుందాం.