రోడ్ బైకుకు హైడ్రాలిక్ రిమ్ బ్రేకులు వేయించుకోవడం వల్ల ప్రయోజనం ఉంటుందా?

మణికొండ రైడర్:
మిత్రులకు నమస్కారం. నాది అల్యూమినియం ఫ్రేము ఉన్న రోడ్ బైకు. షిమానో 105 ఆర్7000 గ్రూపుసెట్టు (గేర్లు, బ్రేకులు, లీవర్ల సెట్టు), కేబులుతో పనిచేస్తూ చక్రపు అంచును (రిమ్మును) పట్టుకునే రిమ్ బ్రేకులు, 25 మి.మీ. టైర్లు. ఎండాకాలంలో ఏ ఇబ్బందీ లేదు గానీ, వానలు మొదలైనప్పటి నుంచి జూబ్లీహిల్స్ వాలుల్లోనూ, వారాంతాల్లో అనంతగిరి ఘాట్ రోడ్డు దిగేటప్పుడూ లీవరు ఎంత గట్టిగా నొక్కినా వేగం వెంటనే తగ్గడం లేదు. వెనుక బ్రేకు మరీ మొద్దుబారింది. డిస్కు బ్రేకులకు మారాలంటే ఫ్రేము మొదలుకొని చక్రాల దాకా అన్నీ మార్చుకోవాలి కనుక, కేబులుకు బదులు నూనె ఒత్తిడితో రిమ్మునే పట్టుకునే హైడ్రాలిక్ బ్రేకులు వేయించుకుందామని ఆలోచిస్తున్నాను. ఒక టూరింగ్ సైకిలుకు మగూరా హెచ్‌ఎస్33 బ్రేకులు చూశాను. అటువంటివి నా బండికి అమరుతాయా? అమరితే వానలో తేడా కనిపిస్తుందా?

పాత స్టీలు ఫ్రేము:
హెచ్‌ఎస్33 మీ బండికి అమరదు. దాన్ని బిగించడానికి ఫోర్కుకు, వెనుక గొట్టాలకు ప్రత్యేకమైన బాసులు (బ్రేకును బిగించే దిమ్మలు) ఉండాలి. పైగా దాని లీవర్లు తిన్నని హ్యాండిలుకు చేసినవి. రోడ్ బైకుల కోసం ఇటువంటి ప్రయత్నాలు జరగకపోలేదు. మగూరా హైడ్రాలిక్ రిమ్ బ్రేకులతో సెర్వెలో పీ5 అనే టైమ్ ట్రయల్ (గడియారంతో పోటీపడే ఒంటరి పందెం) సైకిలు 2012లో వచ్చింది. స్రామ్ సంస్థ 2013లో రెడ్ 22 గ్రూపుసెట్టుకు హైడ్రాలిక్ రిమ్ బ్రేకులు తెచ్చింది గానీ, గడ్డకట్టే చలిలో లీవరు లోపల నూనెను ఆపే సీళ్లు విఫలం కావడంతో అదే ఏడాది డిసెంబరులో తన హైడ్రాలిక్ రోడ్ బ్రేకులన్నింటినీ వెనక్కి పిలిపించింది. మన హైదరాబాదుకు ఆ చలితో పనిలేదనుకోండి. కానీ 2018లో అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య యూసీఐ రోడ్డు పందాల్లో డిస్కు బ్రేకులను పూర్తిగా అనుమతించాక, తయారీదారుల దృష్టి అంతా అటే మళ్లింది. ఇప్పుడు మీకు దొరికేది ఎవరో వాడి వదిలేసిన సెట్టే అవుతుంది. దానికి సీళ్లు, విడిభాగాలు వెతుక్కోవడమే ఒక పని. పైగా స్రామ్ లీవరులో బ్రేకు, గేరు రెండూ కలిసే ఉంటాయి, కాబట్టి మీ షిమానో డీరైలర్లను (గొలుసును గేరు మార్చే భాగాలను) కూడా మార్చవలసి వస్తుంది.

స్పోకు కీ:
రెండో ప్రశ్నకు నేను జవాబిస్తాను, ఎందుకంటే అసలు విషయం అక్కడే ఉంది. వానలో మీ బ్రేకు ఆలస్యంగా పట్టుకోవడానికి కారణం కేబులు కాదు, రిమ్ము మీది నీటిపొర. ప్యాడ్లు ఆ నీటిని తుడిచేదాకా, అంటే చక్రం ఒకటి రెండు చుట్లు తిరిగేదాకా, పట్టు సరిగా దొరకదు. నూనెతో నొక్కినా, తీగతో లాగినా ఆ తుడిచే పని తప్పదు. డిస్కు రోడ్డు నీటికి దూరంగా, ఇరుసు దగ్గర ఉంటుంది. అందుకే వానలో దాని ఆధిక్యం. ఇక పొడి రోడ్డు మీద మంచి కాలిపరు (రిమ్మును రెండు వైపులా నొక్కే బ్రేకు చేతులు) ఉన్న ముందు బ్రేకు వెనుక చక్రాన్ని లేపేంత గట్టిగా పట్టగలదు. అంతకుమించిన బలంతో మనకు పని లేదు.

హైడ్రాలిక్ వ్యవస్థ బలాన్ని కొత్తగా పుట్టించదు. పిస్టన్ల వైశాల్యాల నిష్పత్తిని పెంచి ఎక్కువ బలం రాబట్టవచ్చు గానీ, అప్పుడు ప్యాడు కదిలే దూరం తగ్గుతుంది కనుక ప్యాడ్లను రిమ్ముకు చాలా దగ్గరగా ఉంచాలి. మన గుంతల్లో రిమ్ము కొంచెం వంకరపోయినా అవి రాసుకుంటూనే ఉంటాయి.

మీ వెనుక బ్రేకు మొద్దుబారడానికి మాత్రం కేబులే కారణమని నా అనుమానం. పై గొట్టం గుండా వెళ్లే పొడవైన ఔటరు (తీగ మీది తొడుగు) వంగినచోట వాననీరు, ఇసుక చేరి తీగను బిగబట్టేస్తాయి. ఇన్నరు (లోపలి తీగ), ఔటరు రెండూ కొత్తవి వేయించండి. అది బ్రేకు ఔటరేనా అని కూడా చూసుకోండి. గేరు ఔటరులో తీగలు నిలువుగా పరిచి ఉంటాయి కనుక బ్రేకు ఒత్తిడికి అది పగిలిపోయే ప్రమాదం ఉంది. ప్యాడ్ల సంగతికొస్తే, తడిలో పట్టుకు పేరున్నది కూల్‌స్టాప్ సాల్మన్ రంగు ప్యాడు. ముందు ఈ రెండు పనులూ చేయించండి.

గండిపేట గాలి:
స్పోకు కీ గారు చెప్పిన దాంట్లో ఒక్కదానితో నేను ఏకీభవించను. గరిష్ఠ బలం ఒక్కటే కొలమానం కాదు. తీగకూ ఔటరుకూ మధ్య రాపిడి ఉండదు కనుక, ఎంత నొక్కితే ఎంత పడుతుందో హైడ్రాలిక్ లీవరులో చేతికి స్పష్టంగా తెలుస్తుంది. చేతులు చిన్నవైనవారికి, వేళ్లలో పట్టు తగ్గినవారికి, గంటల తరబడి స్వారీ చేసేవారికి ఆ తేడా తక్కువదేమీ కాదు. అయినా మణికొండ రైడర్ గారి సమస్యకు మందు అది కాదన్నంతవరకు నేనూ ఒప్పుకుంటాను. ఆ ముచ్చట తీర్చుకోవాలంటే, డబ్బు కూడినప్పుడు నేరుగా డిస్కు ఫ్రేముకు వెళ్లడమే మేలు.

మణికొండ రైడర్:
ధన్యవాదాలు. కేబుళ్లు, ప్యాడ్లే మార్పిస్తాను. అదే సమయంలో చూపించుకోవలసినవి ఇంకేమైనా ఉన్నాయా?

స్పోకు కీ:
రిమ్ములు చూపించండి. ప్యాడులో ఇరుక్కున్న ఇసుక అల్యూమినియాన్ని అరగదీస్తుంది. చాలా రిమ్ముల పక్కగోడ మీద అరుగుదల తెలిపే గాడి గానీ, చిన్న గుంట గానీ ఉంటుంది. అది కనిపించకుండా పోయినా, పక్కగోడ లోపలికి పల్లంగా తగిలినా ఆ రిమ్మును వాడకండి, టైరులోని గాలి ఒత్తిడికి అది చీలిపోవచ్చు. ప్యాడ్లలో మెరిసే లోహపు తునకలుంటే సూదితో తీసివేయండి. తడి రోడ్డు మీద మలుపుకు కాస్త ముందే లీవర్లను తేలికగా తాకించి ఉంచితే, అసలు నొక్కేసరికి రిమ్ము తుడుచుకుని ఉంటుంది.