తాతగారి మంగలికత్తి: వెన్నుకు టేపు వేసి నూరాలా, వద్దా?

వేళచ్చేరి కొత్తవాడు
అందరికీ నమస్కారం. మా అమ్మగారి నాన్న పెరంబూరు రైల్వే కార్ఖానాలో పనిచేసేవారు. ఆయన గడ్డం గీసుకున్న మంగలికత్తి ఇప్పుడు నా చేతికి వచ్చింది. ఇంగ్లండులోని షెఫీల్డ్ ఊరి ముద్ర ఉంది. వెన్ను మందం 5 మిల్లీమీటర్లు, అలుగు వెడల్పు 18. తుప్పు చుక్కలు ఉన్నాయి కాని అంచుదాకా రాలేదు. 1000, 4000, 8000 గ్రిట్ రాళ్ళు (నంబరు పెరిగేకొద్దీ రాయి నునుపు) దగ్గర ఉన్నాయి. నాకు కత్తి నూరిన అనుభవం లేదు. వెన్నుకు ఇన్సులేషన్ టేపు అంటించి నూరమని కొందరు, వద్దని కొందరు అంటున్నారు. ఏది సరి? మొదటి ప్రయత్నం దీని మీదే చేయవచ్చా?

సానరాయి
టేపు తప్పకుండా వేయండి. మంగలికత్తిని రాయి మీద పూర్తిగా పడుకోబెట్టి నూరుతాం కాబట్టి అంచుతోపాటు వెన్ను కూడా అరుగుతుంది. కొత్తవాళ్ళకు చేతి బరువు అదుపులో ఉండదు. ఒకవైపు ఎక్కువ, ఒకవైపు తక్కువ నొక్కుతారు, వెన్ను మీద వంకర పట్టెలు పడతాయి. ఒక్క పొర చాలు. చిరిగితే మార్చండి.

వన్నారపేట వాసి
వద్దు. మా నాన్న జీవితమంతా ఈ కత్తులే నూరారు, ఏనాడూ వెన్నుకు ఏమీ అంటించలేదు. వెన్నును అంత మందంగా చేసిందే కోణం కుదరడానికి. అంచు ఎంత అరిగితే వెన్ను కూడా ఆ లెక్కన అరుగుతుంది, కోణం చెడదు. టేపు వేస్తే అంచు ఒక్కటే అరిగి ఆ పొత్తు పోతుంది.

లెక్కల మాస్టారు
కొత్తవాడు గారు ఇచ్చిన కొలతలతో లెక్క కట్టాను. టేపు లేకుండా అంచు కోణం 16 డిగ్రీలు. టేపు మందం 0.13 మిల్లీమీటర్లనుకుంటే, రెండు వైపులా కలిపి 0.26. అప్పుడు కోణం 16.8.

సానరాయి
చూశారా? ఒక్క డిగ్రీ కూడా పెరగలేదు. ఈ మాత్రానికి చెంప మీద తేడా తెలియదు. టేపు వల్ల కత్తి పాడవుతుందనే మాట ఇక్కడితో తేలిపోయింది.

వన్నారపేట వాసి
తేలలేదు. మీరు ఈ రోజు కోణం చూస్తున్నారు, నేను కత్తి ఆయుష్షు చూస్తున్నాను. ఎప్పుడూ టేపుతోనే నూరితే 18 వెడల్పు 15కు వచ్చేసరికి వెన్ను మాత్రం 5 దగ్గరే ఉంటుంది. అప్పటి కోణం ఎంతో మాస్టారు చెప్పాలి.

లెక్కల మాస్టారు
టేపు మందం కలపకుండానే 19 డిగ్రీలు దాటుతుంది.

సానరాయి
ఇంట్లో ఒక్క మనిషి గడ్డానికి వాడే కత్తి 3 మిల్లీమీటర్లు అరగాలంటే ఎంతకాలం పడుతుంది? రోజుకు ఎందరికో గీసే దుకాణం లెక్క వేరు, ఈయన లెక్క వేరు.

తిరువాన్మియూరు
మధ్యలో ఒక మాట. పిడి ఏ పదార్థంతో చేశారో ముందు చూడండి. పాత కత్తులకు సెల్యులాయిడ్ (పాతకాలపు ప్లాస్టిక్) పిడులు ఉండేవి. అది ముసలిదయ్యాక ఆమ్లపు ఆవిరి వదులుతుంది, మడిచి పెట్టిన అలుగు ఆ ఆవిరికే తుప్పు పడుతుంది. చెన్నై ఉప్పుగాలి దానికి తోడు. వాడిన ప్రతిసారీ తుడిచి పలుచగా కుట్టుమిషన్ నూనె రాయండి.

వన్నారపేట వాసి
కొత్తవాడు గారూ, టేపు గొడవలో పడి అసలు పని వదిలేయకండి. 1000 రాయి మీదే పనంతా ఉంది. అంచు పక్కన సన్నని వాలు రెండు వైపులా, ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒక్కటిగా కలవాలి. ఆ వాలు మీద మార్కర్ సిరా పూసి రెండుసార్లు మెల్లగా లాగండి. సిరా అంచుదాకా చెరిగితే రాయి అందుతోందని అర్థం. అంచు దగ్గర మిగిలిపోతే ఇంకా అందలేదు. అక్కడ తొందరపడి 4000కు, 8000కు వెళ్ళినా మెరుపు వస్తుంది కాని పదును రాదు. రాయి మీద అంచు ముందు నడవాలి. నూరాక పదును తీర్చే తోలు పట్టీ మీద వెన్ను ముందు నడవాలి, లేకపోతే తోలు తెగుతుంది, అంచు మడతపడుతుంది.

సానరాయి
ఇదంతా నిజం. కాని ఒక సంగతి చెప్పలేదు. టేపుతో వాలు కట్టిన కత్తిని తరవాత టేపు తీసి నూరితే రాయి వాలు వెనక భాగానికే తగులుతుంది, అంచును చేరదు. కాబట్టి మొదటి రోజే నిర్ణయించుకోవాలి. అందుకే ఇంత పట్టుబట్టి చెబుతున్నాను.

వన్నారపేట వాసి
పట్టుబట్టడానికి మీకున్న అనుభవం ఏమిటి? నూరే మనిషి పక్కన కూర్చుని చూశారా ఎప్పుడైనా?

సానరాయి
చూడలేదు. చూసే అవకాశం ఇవ్వలేదు. మా పెదనాన్న కత్తిని ఒక దుకాణంలో నూరడానికి ఇచ్చాను. చేత్తో నూరుతానని తీసుకున్న మనిషి కరెంటు చక్రం మీద పెట్టాడు. తిరిగి ఇచ్చేసరికి అంచు నీలం రంగు తేలి ఉంది. ఆ వేడికి ఉక్కు మెత్తబడిపోయింది, ఇక ఏ రాయి మీదా పదును నిలవదు. పైగా డబ్బు తీసుకున్నాడు. అప్పటినుంచి పాత కత్తి ఎవరి చేతిలో పెట్టడానికీ నాకు మనసొప్పదు.

వన్నారపేట వాసి
అది దుర్మార్గం, ఆ మనిషిని నేను సమర్థించను. కాని ఒకడు చేసినదానికి నూరేవాళ్ళందరినీ దూరం పెట్టకండి. మా నాన్న సంగతి చెబుతాను. దేశంలో తొలి హెచ్‌ఐవీ కేసులు 1986లో ఈ చెన్నైలోనే బయటపడ్డాయి. ఆ తరవాతి ఏళ్ళలో ప్రతి గడ్డానికీ కొత్త బ్లేడు వేయమన్నారు. అది న్యాయమైన మాట, నాన్న వెంటనే మారారు. కత్తులు పెట్టెలోకి వెళ్ళాయి, పిడిలో బిగించి వాడి పారేసే సగం బ్లేడు వచ్చింది. ఆయన చేతిలోని విద్య మాత్రం ఎవరికీ అక్కర్లేకుండా పోయింది. నూరినందుకు రెండు రూపాయలు ఎక్కువ అడిగితే బేరమాడినవాళ్ళే ఉండేవారు. ఇప్పుడు జపాన్ రాళ్ళకు వేలు పోస్తున్నారు. ఆ పని ఎరిగిన ముసలివాళ్ళు ఇంకా ఉన్నారు, వాళ్ళను అడగడానికి మాత్రం ఎవరూ రారు. నా బాధ టేపు గురించి కాదు.

సానరాయి
నా బాధా టేపు గురించి కాదు. ఆ కత్తి మళ్ళీ దొరకదు. దాని మీద నేర్చుకోవడమే తప్పని నా అభిప్రాయం. టేపు వేయమన్నది కనీసం వెన్నయినా మిగలాలని.

వన్నారపేట వాసి
ఇప్పుడు అసలు మాట బయటికి వచ్చింది. మీకు ఆ కత్తి ఉన్నది ఉన్నట్టు మిగలాలి. నాకు అది గడ్డం గీయాలి. రాయి మీద పోయే ఉక్కు వృథా కాదు, కత్తిని చేసింది అలా అరగడానికే. వాళ్ళ తాతగారి చేతిలోనూ అరిగే ఉంటుంది. ఆ అరుగుదలను పాడవడం అంటే నేను ఒప్పుకోను. నేర్చుకోవడానికి వేరే కత్తి తీసుకోమంటే మాత్రం అందులో మీతో నాకు పేచీ లేదు.

సానరాయి
పని చేయని వస్తువుకు కూడా విలువ ఉంటుంది. అది మీకు అర్థం కావడం లేదు.

వన్నారపేట వాసి
అర్థమైంది. ఒప్పుకోవడం లేదు, అంతే.

వేళచ్చేరి కొత్తవాడు
ఇద్దరికీ కృతజ్ఞతలు. తాతగారు ఆ కత్తిని రోజూ వాడేవారని అమ్మ చెప్పింది, కాబట్టి నేనూ వాడదామనుకుంటున్నాను. అయితే ముందు పాత సామాను అంగళ్ళలో ముద్ర లేని మామూలు కత్తి ఒకటి కొని, టేపు లేకుండా దాని మీద నేర్చుకుంటాను. ఇంకో అనుమానం. నా 1000 రాయి కొత్తది కాదు, వంటింటి కత్తిపీటలు నూరినది. నడుమ కొంచెం పల్లంగా ఉన్నట్టుంది. పర్వాలేదా?

వన్నారపేట వాసి
అయ్యో, అది ముందే చెప్పాలి కదండీ! పల్లం రాయి మీద వాలు ఎప్పటికీ సమంగా రాదు. మందపాటి గాజు పలక మీద 220 నంబరు వాటర్ పేపరు (తడిపి వాడే గరుకు కాగితం) పరచండి. రాయి మీద పెన్సిలుతో అడ్డదిడ్డంగా గీతలు గీసి దాని మీద రుద్దండి. గీతలు మిగిలినచోట పల్లం ఉన్నట్టు. అన్నీ చెరిగేదాకా రుద్ది, మళ్ళీ గీసి, మళ్ళీ రుద్దండి.

సానరాయి
అవును, రాయి చదును కాకుండా ఏ కత్తీ ముట్టుకోకండి. పేపరు తడిగానే ఉండాలి, ఆ పొడి ఊపిరిలోకి వెళ్ళకూడదు. పాత కత్తి కొనేటప్పుడు బల్ల మీద పడుకోబెట్టి ఊగుతోందేమో చూడండి, వంగిన అలుగైతే కొత్తవాళ్ళకు లొంగదు. టేపు గురించి నా మాట మాత్రం మారలేదు.