డిఫీట్ అయిన మైస్ మెదడులో లాక్టేట్ తేడా రావట్లేదు, ఎక్కడ తప్పుతోంది?

బెంచ్_హబ్సిగూడ:
పది రోజుల సోషల్ డిఫీట్ (దూకుడు సీడీ-1 మగ ఎలుక చేతిలో బ్లాక్-6 ఎలుకను రోజూ ఓడనిచ్చి స్ట్రెస్ ఇచ్చే పద్ధతి) పూర్తయింది. ప్రీఫ్రంటల్ కార్టెక్స్‌లో లాక్టేట్, ఏటీపీ (కణాలు వాడే శక్తి అణువు) రెండూ కంట్రోల్స్‌తో సమానంగానే వస్తున్నాయి. ఐసోఫ్లురేన్ మత్తు ఇచ్చి, మెదడు తీసి, ఐస్ మీద కోస్తున్నాం. రెజీలియంట్ (ఓడినా ఇతర ఎలుకలను తప్పించుకోని) మైస్‌ను సోషల్ ఇంటరాక్షన్ టెస్ట్‌లో ఏ రేషియో దగ్గర విడదీయాలి?

క్రయోస్టాట్:
రేషియో తర్వాత. రక్తం ఆగగానే మెదడు ఉన్న గ్లూకోజ్‌ను ఆక్సిజన్ లేకుండా వాడేసుకుంటుంది. ఐస్ మీద కోసే రెండు నిమిషాల్లో లాక్టేట్ ఎగబాకి, ఏటీపీ అడుగంటుతుంది. మీ అంకెలు కత్తెర వేగాన్నే చెబుతున్నాయి. మెదడును క్షణాల్లో వేడిచేసి ఎంజైమ్‌లను ఆపేసే ఫోకస్డ్ మైక్రోవేవ్ లేకపోతే తెగిన తలను వెంటనే ద్రవ నైట్రోజన్‌లో వేసి, మైనస్ 20 డిగ్రీల క్రయోస్టాట్‌లో (చలిలో కోసే యంత్రం) గడ్డగా ఉండగానే పంచ్ (చిన్న ముక్క) తీయండి. కరిగిందా, శాంపిల్ పోయినట్టే. ఐసోఫ్లురేన్ బ్లడ్ గ్లూకోజ్‌ను పెంచుతుంది. మానాలంటే ఎథిక్స్ కమిటీ అనుమతి ముందే తీసుకోండి.

సీడీ1_పహరా:
అసలు సీడీ-1లను ఎలా ఎంచారు? మూడు రోజుల స్క్రీనింగ్‌లో, 60 సెకన్లలోపు, వరసగా కనీసం రెండు రోజులు దాడి చేసినవే పనికొస్తాయి.

మైటో_నాచారం:
మీ బ్లాక్-6 మైస్ జే రకమా, ఎన్ రకమా? జేలో ఎన్‌ఎన్‌టీ జీను తెగి ఉంటుంది. కణంలో శక్తి తయారయ్యే మైటోకాండ్రియాలో ఎన్‌ఏడీపీహెచ్ అనే అణువు తయారీకి అది కావాలి.

సీడీ1_పహరా:
రెండు గ్రూపులూ జే అయితే ఏం తేడా? ప్రతి చర్చలోనూ ఇదే ఎందుకండీ?

మైటో_నాచారం:
కంట్రోల్స్ సొంత కాలనీవి, మిగతావి కొన్నవి అయితే? లేబుల్ మీద ‘బ్లాక్-6’ అని ఉంటే సరిపోదు. ఎన్‌ఎన్‌టీకి ఒక్క పీసీఆర్ చాలు. ఎనిమిదేళ్లుగా ఇదే పని నాది.

సీడీ1_పహరా:
ఎనిమిదేళ్లు చూపించి నోరు మూయించకండి. కొరికిన గాయం వాస్తే ఆ ఇన్‌ఫ్లమేషనే మెటబాలిజాన్ని మార్చేస్తుంది. రోజూ గాయాలు చూడాలి, దాని గురించి ఒక్కరూ అడగరు!

ఉప్పల్_నైట్‌షిఫ్ట్:
ఏ నెలలో చేశారు? చవితి నుంచి నిమజ్జనం దాకా డీజేలే. యానిమల్ రూమ్ రోడ్డు వైపు ఉంటే కంట్రోల్స్‌కూ స్ట్రెస్సే. ఆ పదకొండు రోజులు, దీపావళి వారం వదిలేయండి. స్ట్రెస్ హార్మోన్ కార్టికోస్టెరోన్ కొలవడానికి రక్తం కేజ్ ముట్టిన 3 నిమిషాల్లో, రోజూ ఒకే వేళకు తీయాలి.

క్రయోస్టాట్:
ఇప్పుడు రేషియో. 150 సెకన్లు ఖాళీ ఎన్‌క్లోజర్‌తో, 150 సెకన్లు లోపల సీడీ-1తో. సీడీ-1 ఉన్నప్పుడు దాని దగ్గర గడిపిన సమయాన్ని ఖాళీగా ఉన్నప్పటి సమయంతో భాగించాలి. 1 కన్నా తక్కువైతే ససెప్టిబుల్ (స్ట్రెస్‌కు లొంగినది), ఎక్కువైతే రెజీలియంట్. 0.98, 1.02లను మాత్రం చెరో గ్రూపులో వేసి మురిసిపోవద్దు, సెకన్లు కూడా చూడండి. రెండు రకాలనూ ‘డిఫీట్’ అని ఒకే బార్‌లో కలిపితే ఉన్న తేడా కూడా మాసిపోతుంది. రెజీలియంట్ అంటే స్ట్రెస్ తగలనిదనీ కాదు. ఆందోళన కొలిచే ప్లస్ మేజ్‌లో అవీ తెరిచిన చేతుల వైపు వెళ్లడం తగ్గిస్తాయి.

బెంచ్_హబ్సిగూడ:
కలిపేశాం. విడదీసి చూస్తాం. పది రోజుల్లో సీడీ-1 బెడ్డింగ్ మార్చొచ్చా?

సీడీ1_పహరా:
వద్దు. దాని వాసన పోతే అది తన చోటు అనుకోదు, దాడి తగ్గుతుంది. మరీ తడిస్తే ఆ మూల మాత్రమే తీయండి.