వైద్యం ఉచితమైనా ఏజెన్సీలో డోలీ మోతలు ఎందుకు ఆగడం లేదు?

ప్రశ్న – మన్యం మాస్టారు

నేను అల్లూరి సీతారామరాజు జిల్లాలో, పాడేరుకు ఎగువనున్న ఒక మండలంలో ఉపాధ్యాయుడిగా పనిచేస్తున్నాను. 108 వాహనాలు 2005లోనే వచ్చాయి, ఆరోగ్యశ్రీ 2007లో మొదలైంది, ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పుకు పైసా కట్టనక్కరలేదు. అయినా మా బడికి పైనున్న శిఖర గ్రామాల నుంచి నొప్పులు పడుతున్న గర్భిణిని ఇప్పటికీ కర్రకు దుప్పటి కట్టి, భుజాలు మార్చుకుంటూ కిందికి దించుతున్నారు. గెడ్డ పొంగితే ఆ మోతా సాగదు. రోడ్డు లేకపోవడమే కారణమని అందరూ అంటారు గానీ, రోడ్డు ఉన్న గూడేల నుంచి కూడా చాలామంది ఆఖరి గంటలోనే బయలుదేరుతున్నారు. అసలు లోపం ఎక్కడుందో ఈ రంగంలో పనిచేసినవారు వివరించగలరా?

జవాబు 1 – విశ్రాంత ఏఎన్ఎం (గ్రామ ఆరోగ్య కార్యకర్త)

మాస్టారు గారూ, ఆఖరి గంటలో రావడాన్ని అజ్ఞానం కింద జమకట్టడం మా శాఖలో చాలామందికి అలవాటు. నేను ఆ మాట ఒప్పుకోను. నెలలు నిండేముందే గర్భిణులను కిందికి తీసుకువచ్చి ఉంచడానికి వసతి గృహాలు ఉన్నాయి, భోజనం పెడతారు. కానీ తల్లి వచ్చి అక్కడ కూర్చుంటే ఇంట్లో ఉన్న పిల్లలకు గంజి కాచేది ఎవరు? పోడులో కలుపు తీసే రోజులైతే భర్త కూడా తోడు రాలేడు. పైగా కువి లేదా ఆదివాసీ ఒడియా తప్ప మరో భాష రాని అమ్మాయి, తెలుగు మాత్రమే తెలిసిన సిబ్బంది మధ్య రెండు వారాలు గడపాలంటే బెదిరిపోతుంది. చంటిబిడ్డను వెంట తెచ్చుకోనిచ్చి, అత్తకో అక్కకో పడక, భోజనం ఏర్పాటు చేసినచోట తల్లులు నిలిచారు. లేనిచోట మూడో రోజుకే కొండెక్కారు. ఖర్చు మాటకొస్తే, ఆసుపత్రి డబ్బు తీసుకోకపోయినా తోడు వచ్చినవారి కూలి పోతుంది, వారి తిండికి, తిరుగు ప్రయాణానికి చేతి డబ్బే కావాలి. కాన్పు తరువాత దింపే బండి తారు ఆగినచోటే ఆగుతుంది. పచ్చి బాలింత అక్కడి నుంచి బిడ్డనెత్తుకొని ఎక్కవలసిందే.

జవాబు 2 – గతంలో పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) వైద్యుడు

పై మాటలకు వైద్యుడి వైపు నుంచి ఒకటి కలుపుతాను. కాన్పు తరువాత రక్తస్రావం అదుపు తప్పితే రెండు గంటల్లోపే ప్రాణం పోవచ్చు. ఏజెన్సీ ఆడవాళ్లలో రక్తహీనత ఎక్కువ కాబట్టి ఆ గడువు ఇంకా తగ్గుతుంది. పీహెచ్‌సీలో మాయ పడేలా చూడగలం, సెలైన్, ఇంజెక్షన్ ఇవ్వగలం. ఆపరేషన్ కావాలంటే మాత్రం ప్రసూతి వైద్యురాలు, మత్తు డాక్టరు, సరిపడే గ్రూపు రక్తం ముగ్గురూ ఒకేచోట ఉండాలి (రక్తాన్ని కూడా మనిషి కింద లెక్కించానని నవ్వకండి, రాత్రిపూట దొరకడం మనిషి దొరకడమంత కష్టమే). ఒక్కటి తగ్గినా ఘాట్ రోడ్డు దించి విశాఖలోని పెద్దాసుపత్రి కేజీహెచ్‌కు పంపవలసి వస్తుంది, పాడేరు నుంచి అది సుమారు 110 కిలోమీటర్లు. గిరిజన ప్రాంతంలో పనిచేసినందుకు పీజీ ప్రవేశాల్లో ప్రాధాన్యం ఉంది కనుక కుర్రవాళ్లు వస్తారు, సీటు రాగానే వెళ్తారు. ఒక గర్భిణికి తొమ్మిది నెలల్లో ఇద్దరు డాక్టర్లు మారితే ఆమె ఎవరి మాట నమ్మాలి?

జవాబు 3 – గెడ్డవలస

ఇద్దరూ సరిగానే చెప్పారు గానీ, అసలు చిక్కు లెక్కలో ఉందని నా అభిప్రాయం. మైదానంలో 30,000 మందికి, కొండ ప్రాంతంలో 20,000 మందికి ఒక పీహెచ్‌సీ. దాని కింద పనిచేసే ఆరోగ్య ఉపకేంద్రమైతే 5,000కు, 3,000కు ఒకటి. రోడ్డుకూ తలలే లెక్క: గ్రామీణ సడక్ యోజన 2000లో మొదలైనప్పుడు కొండ, గిరిజన ప్రాంతాల్లో కనీసం 250 జనాభా ఉన్న ఆవాసాలకే అన్నారు. పాతిక ఇళ్ల గూడెం ఆ గీతకు కిందే ఉండిపోయింది. 2023లో వచ్చిన పీఎం జన్‌మన్ పథకం, ప్రభుత్వం ప్రత్యేకంగా గుర్తించిన ఆదిమ తెగల ఆవాసాలకు ఆ గీతను 100కు దించింది, మంచిదే. కానీ పక్క కొండమీది గూడెం ఆ తెగల జాబితాలో లేకపోతే దానికి ఆ దారి లేదు. కొండల్లో మూడు వేల మంది అంటే ఎన్నో కొండల మీద చెదిరి ఉన్న జనం. అలాంటిచోట ఇంటి నుంచి అరగంట నడకలో ఉపకేంద్రం ఉండేలా చూడాలన్న పద్ధతి జాతీయ ఆరోగ్య మిషన్‌లోనే ఉంది. దాన్ని అడిగేవారు లేరు, అంతే. ఫీడర్ అంబులెన్సు బైకులు కూడా కాలిబాట సరిగా ఉన్నచోటికే పోతాయి.

మన్యం మాస్టారు

అందరికీ ధన్యవాదాలు. ఐటీడీఏకు (గిరిజనాభివృద్ధి సంస్థకు) గ్రామస్థులు పెట్టబోయే అర్జీలో జనాభాతో పాటు ప్రతి గూడెం నుంచి ఉపకేంద్రానికి నడక సమయం రాయిస్తాను. ఏఎన్ఎం గారూ, వానాకాలం లెక్క విడిగా చూపించాలా?

విశ్రాంత ఏఎన్ఎం

విడిగానే చూపించండి. ఖాళీ చేతులతో నడిచే కుర్రవాడి సమయం కాకుండా, డోలీ మోసుకొని దిగే సమయం వేయండి. సంత రోజున వెళ్తే అన్ని గూడేల వారూ ఒకేచోట దొరుకుతారు; సంతకం, వేలిముద్ర అక్కడే తీసుకోవచ్చు.