ఇరిసిన్ యాంటీబాడీ చూపిన బ్యాండ్‌ను నమ్మవచ్చా?

పరిశోధక విద్యార్థిని, విశాఖ: వ్యాయామం వేళ కండరం రక్తంలోకి విడుదల చేస్తుందని 2012లో ప్రకటించిన ఇరిసిన్ అనే ప్రోటీన్‌ను మనుషుల సీరంలో (రక్తంలో కణాలు, గడ్డకట్టే పదార్థాలు పోగా మిగిలే ద్రవంలో) కొలుస్తున్నాను. కొన్న పాలీక్లోనల్ యాంటీబాడీతో (ఒకే ప్రోటీన్‌ను వేర్వేరు చోట్ల పట్టుకునే యాంటీబాడీల మిశ్రమంతో) వెస్టర్న్ బ్లాట్ చేస్తే, అంటే ప్రోటీన్లను పరిమాణం ప్రకారం విడదీసి యాంటీబాడీతో గుర్తిస్తే, 25 కిలోడాల్టన్ల (అణుభారపు కొలమానం) దగ్గర చిక్కటి బ్యాండ్, అంటే గీత, వచ్చింది. దీనిని ఇరిసిన్ అని థీసిస్‌లో రాయవచ్చా?

తీరవాసి: ఇప్పుడే రాయకండి. ఇరిసిన్ 112 అమైనో ఆమ్లాల గొలుసు కాబట్టి, పీఎన్‌జేస్ ఎఫ్ ఎంజైమ్‌తో దానికి అంటుకుని ఉండే చక్కెర గొలుసులను తొలగించినప్పుడు ఆ బ్యాండ్ దాదాపు 12 కిలోడాల్టన్లకు దిగాలి. దిగకపోతే అది వేరే ప్రోటీన్. ఇరిసిన్ కిట్లలోని యాంటీబాడీలు సీరంలోని ఇతర ప్రోటీన్లకు అంటుకుంటున్నాయని 2015లోనే చూపించారు.

ఉక్కునగరం: అదే ఏడాది మరో బృందం యాంటీబాడీ మీద ఆధారపడకుండా అణువుల బరువును బట్టి ప్రోటీన్‌ను గుర్తించే మాస్ స్పెక్ట్రోమెట్రీతో మనిషి రక్తంలో మిల్లీలీటరుకు సుమారు 3.6 నానోగ్రాముల ఇరిసిన్ ఉందని తేల్చింది. ఆ మాట దాచిపెడితే ఎలాగండీ?

తీరవాసి: ఇరిసిన్ ఉందా లేదా అన్నది ఆమె ప్రశ్న కాదు. ఈ బ్యాండ్ అదేనా అని అడిగారు.

ఉక్కునగరం: యాంటీబాడీ పట్టుకునే ఇరిసిన్ ముక్కను (బ్లాకింగ్ పెప్టైడ్) ముందే కలిపినప్పుడు బ్యాండ్ మాయమైతే చాలదా?

తీరవాసి: చాలదు. పెప్టైడ్ యాంటీబాడీ అంటుకునే చోటునే మూసేస్తుంది కాబట్టి, పొరపాటున వేరే ప్రోటీన్‌కు అంటుకున్నా ఆ బ్యాండ్ కూడా పోతుంది. ఇరిసిన్‌కు మూలమైన ఎఫ్ఎన్‌డీసీ5 జన్యువును తీసేసిన (నాకౌట్) ఎలుక సీరంను పక్క గాడిలో నడిపితేనే నమ్మకం కుదురుతుంది.

మధురవాడ: సీరంలో అన్నిటికంటే ఎక్కువగా ఉండే ప్రోటీన్ ఆల్బుమిన్‌ను ముందే తీసేశారా?

ఉక్కునగరం: నాకౌట్ ఎలుకలు లేవన్న ఒక్క కారణంతో నా వ్యాసాన్ని తిప్పి పంపారు. వాటికి నిధులు, జంతు నైతిక కమిటీ అనుమతి వచ్చేసరికి నా ఫెలోషిప్ గడువు ముగిసింది. పెద్ద ల్యాబుల నియమాలతో మన విద్యార్థుల గొంతు కోయకండి!

తీరవాసి: మీకు జరిగింది అన్యాయమే. అందుకని తప్పు బ్యాండ్ ఒప్పైపోదు. థీసిస్‌లోని ఆ కొలతను చూసి రేపు ఎవరో మధుమేహ రోగుల రక్తం మీద పని మొదలుపెడతారు.

ఉక్కునగరం: బ్యాండ్ గురించి నాకు గొడవ లేదండీ. పరీక్షించని సరుకును వేల రూపాయలకు అమ్మినవాడిని వదిలేసి, నిరూపణ భారమంతా స్టైపెండ్ మీద బతికే అమ్మాయి మీద వేస్తున్నారే, అదీ నా బాధ.

తీరవాసి: అమ్మినవాడు పరీక్షించి తీరాలి, ఒప్పుకుంటాను. కానీ మీ నమూనాలో అది దేనికి అంటుకుంటుందో వాడికి తెలియదు. థీసిస్ మీద సంతకం వాడిది కాదు.

పరిశోధక విద్యార్థిని: ఆల్బుమిన్ తీయలేదండీ. ముందు అది తీసి, పీఎన్‌జేస్ ఎఫ్ వేసి చూస్తాను. నాకౌట్ సీరం కొద్దిగా పంచుకోగల ల్యాబ్ ఎవరికైనా తెలిస్తే చెప్పండి.