రాజమండ్రి ఎగ్జిబిషన్‌లో ఆ ఫొటోలు చూశారా? అది కళా, ఫిల్టర్ మాయా?

గోదారిగాలి:
నిన్న రాజమండ్రిలో ఒకాయన ఫొటోల ఎగ్జిబిషన్ చూసొచ్చానండి. ఆయన పేరు పెట్టను, పెడితే చర్చంతా ఆయన కులం ఊరు మీదకి పోద్ది. ఇరవై చిల్లర ఫొటోలు, అన్నీ బ్లాక్ అండ్ వైటే, సగం గోదారి, సగం మనుషులు. ఒకటి హేవ్‌లాక్ బ్రిడ్జి. 1997లో రైళ్ళు ఆపేశాక ఖాళీగా పడుందే, అదే. ఆ స్తంభాలు వరసగా పోతా పోతా మంచులో కలిసిపోయాయి, కింద నీళ్ళు కాగి చల్లారిన పాల మీద మీగడలా ఉన్నాయి. అక్కడే పుట్టి పెరిగినోణ్ణి, ఆ బ్రిడ్జిని ఎప్పుడూ అలా చూళ్ళేదు.
ఇంకోటి కొబ్బరికాయలు ఒలిచే పెద్దాయన. చొక్కా లేదు. పాకలో కూర్చున్నాడు, తలుపులోంచి ఒక పక్కే వెలుతురు, మొహం సగం చీకటి. చేతులు మాత్రం పూర్తిగా వెలుగులో ఉన్నాయి, గోళ్ళ సందుల్లో పీచుపోగులు, బొటనవేలి పక్కన పాత పగులు. పావుగంట అక్కడే నిలబడిపోయాను, మా ఆవిడ వచ్చి చెయ్యి పట్టుకు లాక్కెళ్ళింది. ధర 45 వేలు. డబ్బులుంటే కొనేసేవాణ్ణే.

బొబ్బట్టు:
టికెట్ ఉందాండీ? పార్కింగ్ ఎక్కడ?

వశిష్ఠపాయ:
నేనూ చూశాను. బ్రిడ్జి ఫొటో కింద "ప్రభాతం, రాజమహేంద్రవరం" అని రాశారు. సూర్యుడు నీళ్ళ మీద ఉన్నాడు. రాజమండ్రి తూర్పుగట్టు, ఘాట్‌లో నిలబడి నదివైపు చూస్తే ఎదురుగా కొవ్వూరు, అంటే పడమర. నీళ్ళ మీద సూర్యుడు కనపడాలంటే సాయంత్రం అవ్వాలి. ప్రభాతం ఎలా అవుద్ది?

గోదారిగాలి:
కొవ్వూరు వైపు నుంచి తీసుంటాడేమో అండి.

వశిష్ఠపాయ:
అప్పుడు కొవ్వూరు అని రాయాలి.

పాత_నెగటివ్:
కోనసీమలో 31 ఏళ్ళుగా స్టూడియో నడుపుతున్నాను, కాబట్టి మాట్లాడే హక్కు ఉందనుకుంటున్నాను. ఆ పాలు మీగడ అంతా ఎన్‌డీ ఫిల్టర్ తమ్ముడూ. పది స్టాపుల నల్లగాజు లెన్సు ముందు పెడితే వెలుతురు వెయ్యి వంతుల్లో ఒక వంతే లోపలికెళ్ద్ది, సెకనులో ముప్పయ్యో వంతు తియ్యాల్సిన ఫొటోకి అరనిమిషం పైన పడద్ది. ఆ అరనిమిషంలో అల మీద అల పడి చెరిగిపోయి నీళ్ళు పొగలా అవుతాయి. ఆ గాజు, స్టాండు ఉంటే మా అసిస్టెంటు కుర్రోడు కూడా తీస్తాడు. ఇంక గోదారంటే ఎర్రనీళ్ళు. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు గట్టు మీద నిలబడ్డ ఎవణ్ణన్నా అడుగు పాలలా ఉందా అని. రంగు తీసేసి గోదారి అంటే ఎలా?

గోదారిగాలి:
సార్, గాజు అందరికీ దొరుకుద్ది నిజమే, పెన్ను కూడా అందరికీ దొరుకుద్ది. ఎక్కడ నిలబడాలో, ఏ రోజు మంచు పడద్దో గాజు చెప్పదు కదా. అమెరికాలో యాన్సెల్ ఆడమ్స్ అని పెద్ద ఫొటోగ్రాఫరు, 1927లో హాఫ్ డోమ్ కొండ తీశాడు. ముందు పసుపు ఫిల్టర్‌తో ఒక ప్లేటు (ఫిల్ము బదులు వాడే గాజుపలక) తీసి, ఇది నాకు అనిపించినట్టు రాదు అనుకుని, మిగిలిన ఒక్క ప్లేటు ముదురెరుపు ఫిల్టర్‌తో తీశాడు. ఆకాశం దాదాపు నల్లగా వచ్చింది. కంటికి ఆకాశం నల్లగా లేదండి అక్కడ. ఆయన్నీ మాయ అందామా?

పాత_నెగటివ్:
పేర్లు చెప్పి భయపెట్టకు. పెన్సిల్ ముక్కు చెక్కి, అద్దం పెట్టుకుని, నెగటివ్ మీద మొటిమలు పూడ్చినోణ్ణి నేను. పెళ్ళికూతురి నలుపు తగ్గించమని అత్తోరు కబురెడితే రాత్రి రెండింటి దాకా కూర్చుని తగ్గించాను. దాన్ని టచింగ్ అన్నారు, పది రూపాయలు ఎక్కువ అడిగితే మొహం ముడుచుకున్నారు. అదే పని హైదరాబాదు నుంచి వచ్చినోడు చేస్తే ఫైన్ ఆర్టు, గోడకి 45 వేలు. ఏవన్నా అంటే మాకు తెలీదంటారు.

వశిష్ఠపాయ:
ధర సంగతి తర్వాత. ప్రభాతం అన్న మాటకి ఎవరూ సమాధానం చెప్పలేదు.

ఎండుచేప:
ఈయన్ని ఎవరన్నా కొవ్వూరు తీసుకెళ్ళి చూపించండ్రా బాబు

గోదారిగాలి:
పాత_నెగటివ్ గారూ, పెద్దవారు, తప్పుగా అనుకోవద్దు గానీ మీ మాటల్లో ఫొటో లేదు, మీ స్టూడియోనే ఉంది. సెల్‌ఫోన్లు వచ్చి గిరాకీ పోయింది, ఆ కడుపుమంట ఇక్కడ కక్కుతున్నారు. ఆ చేతులు చూశారా అసలు మీరు? ఎగ్జిబిషన్‌కి వెళ్ళారా?

పాత_నెగటివ్:
వెళ్ళానయ్యా. నీకన్నా ముందురోజే వెళ్ళాను. చేతులు చూశాను. నువ్వు చూసేది ఫొటో, నేను చూసింది మనిషిని, ఎందుకంటే ఆ మనిషి మా సెంటర్ వాడు. పింఛను కాగితాలకి ఆయన ఫొటో నేనే తీశాను, నాలుగు కాపీలు 40 రూపాయలు. ఒలుపు మానేసి మధ్యాహ్నం ఇంటికెళ్ళి స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా ఏసుకుని వచ్చాడు. నా అద్దం ముందు అయిదు నిమిషాలు తల దువ్వాడు. పౌడరు ఉందా బాబూ అని అడిగితే నా డబ్బా ఇచ్చాను. కుర్చీలో వెన్ను నిటారుగా పెట్టి కూర్చున్నాడు, కలెక్టరు కూర్చున్నట్టు. ఆ ఫొటోలో కళ లేదు, ఒప్పుకుంటా, ఫ్లాష్ మొహం మీద కొట్టింది, చెవుల నీడ వెనక గుడ్డ మీద పడింది. కానీ అది ఆయన కావాలనుకున్న ఫొటో. మీ 45 వేల ఫొటో ఆయన్ని అడిగి తీశారా? కడుపుమంటే. అవును. గిరాకీది మాత్రం కాదు.

ఎఫ్8:
ఇది పాత గొడవే. 1936లో కాలిఫోర్నియాలో డొరొథియా లాంజ్ ఒక వలసకూలీ తల్లిని తీసింది, లోకమంతా తెలిసిన ఫొటో. గుడారం గుంజ మీద ఉన్న బొటనవేలు అడ్డంగా ఉందని తర్వాత నెగటివ్‌లోంచి చెరిపేయించింది కూడా, అక్కడా టచింగే. ఆ తల్లి పేరు ఫ్లోరెన్స్ థాంప్సన్, అది జనానికి తెలిసేసరికి 1978. ఆ ఫొటోవల్ల నాకు పైసా రాలేదు అంది ఆవిడ.

గోదారిగాలి:
1983లో ఆవిడ జబ్బు పడితే ఆ ఫొటో మర్చిపోని జనమే విరాళాలు పంపారు, అది కూడా చెప్పండి. సరే, గిరాకీ మాట నేను అనకూడదు, క్షమించండి. కానీ ఆ చేతులు ఎవరూ చూడకుండా పోతే బాగుంటదా? మన పెళ్ళిళ్ళలో కొబ్బరికాయ కొట్టని ఇల్లుందా, ఆ కాయ ఒలిచినవాడి గోరు ఎవడన్నా చూశాడా? ఇస్త్రీ చొక్కా ఏసుకుంటే ఆ చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చుంటాడు, మనం మొహం చూసి వెళ్ళిపోతాం.

కాలవగట్టు_పిల్ల:
రెండ్రోజుల నుంచి చదువుతున్నాను, రాయాలా వద్దా అని. ఆ పెద్దాయన మా పెదనాన్న. ఆ ఫొటో తీసినాయన మంచివాడేనండి, అబద్ధం చెప్పకూడదు. రెండు రోజులు పాకలో కూర్చున్నాడు, టీ తాగాడు, వెళ్తా వెళ్తా 500 చేతిలో పెట్టాడు. తీస్తానని అడిగాడు కూడా. మా పెదనాన్నే, చొక్కా ఏసుకొస్తానుండు బాబూ అన్నాడంట. వద్దు తాతా ఇలాగే బాగుంది అన్నాడంట ఆయన. పెద్ద కెమెరా చూసి ఈయన నోరెత్తలేదు.
మొన్న నా ఫోన్లో ఆ ఫొటో చూపించాను. చాలాసేపు చూశాడు. బొటనవేలు పెద్దది చేసి చూశాడు, అప్పుడు గునపం దిగిందే అదే ఇది అన్నాడు. బాగుందా పెదనాన్నా అంటే, బాగానే ఉందమ్మా, కానీ నేను పోయాక గోడకి ఇది పెట్టి దండేత్తారేటి, చొక్కా కూడా లేకుండా, వచ్చినోళ్ళు ఏమనుకుంటారు అన్నాడు. నేనేమీ అన్లేకపోయాను. నాకు ఆ ఫొటో నచ్చింది. అదే బాధ.

బొబ్బట్టు:
🙏

గోదారిగాలి:
అమ్మా, నిజంగా చెప్తున్నా, నాకు ఇది తట్టలేదు. ఆయన ప్రింటు ఒకటి ఇచ్చాడా మీకు?

కాలవగట్టు_పిల్ల:
లేదండి. అడగలేదు మేము కూడా.

గోదారిగాలి:
ఆదివారం దాకా ఉంటాడు అక్కడే. నేను వెళ్ళి అడుగుతా. ఇస్తే ఇచ్చాడు, ఇవ్వకపోతే ఇంక ఆ గోడ ముందు నిలబడను. అలాగని ఆ ఫొటో గొప్పది కాదని మాత్రం అనలేను సార్, అంటే అబద్ధం అవుద్ది.

పాత_నెగటివ్:
అనమని నేనూ అడగలేదు. వెలుతురు బాగా పట్టాడు, అది నాకు రాదు.

వశిష్ఠపాయ:
వెళ్తే ఆ కింద రాత సంగతి కూడా ఒకసారి అడగండి.

పాత_నెగటివ్:
పిల్లా, మీ పెదనాన్నని మంగళవారం తీసుకురా, మధ్యాహ్నం రద్దీ ఉండదు. పింఛను ఫొటోలా కాదు, రెండు గొడుగు లైట్లు పెట్టి తీస్తాను, పన్నెండు బై పదహారు ఫ్రేము కట్టించి ఇస్తా, డబ్బుల మాట ఎత్తకు. తెల్లచొక్కా మాత్రం వద్దను, నా వెనక తెర తెల్లదే, భుజాలు కలిసిపోతాయి. లేత నీలం ఉంటే ఏసుకోమను. చేతులు ఎక్కడ పెట్టుకుంటాడో ఆయన్నే అడుగుదాం.